వార్డులో మందుల పొరపాట్లు ఆపడం ఎలా? చిన్న ఆస్పత్రులకు అంచెలంచెల మార్గదర్శి

ఇది 30 నుంచి 100 పడకల ఆస్పత్రులు, నర్సింగ్ హోమ్‌ల కోసం. ఇన్‌ఛార్జ్ సిస్టర్లు, డ్యూటీ డాక్టర్లు, సొంతంగా ఆస్పత్రి నడిపే డాక్టర్లు పదే పదే అడిగేది ఒకటే: కార్పొరేట్ ఆస్పత్రుల్లోలా సాఫ్ట్‌వేర్, క్వాలిటీ డిపార్ట్‌మెంట్ లేకుండా మందుల పొరపాట్లు తగ్గించగలమా? తగ్గించవచ్చు. కింద చెప్పినవాటిలో చాలావాటికి కాగితం, స్టిక్కర్లు, తాళం వేసే అల్మరా చాలు.

రోగి భద్రత అంటే ఆపరేషన్లు, ఇన్ఫెక్షన్లు, రక్తమార్పిడి, మంచం మీంచి పడిపోవడం, ఇలా చాలా ఉంటాయి. ఇక్కడ మందుల సంగతి మాత్రమే రాస్తున్నాను. వార్డులో పగలూ రాత్రీ తెరిపి లేకుండా సాగే పని అదే.

ఒక మాట ముందే చెప్పాలి. "అందరూ జాగ్రత్తగా ఉండాలి" అని సర్క్యులర్ పంపితే ఏమీ మారదు. రాత్రి రెండింటికి వార్డు మొత్తాన్ని ఒంటరిగా చూసుకుంటున్న స్టాఫ్ నర్స్ అప్పటికే జాగ్రత్తగా ఉంది. మందు గానీ, మాట గానీ, కాగితం గానీ చేతులు మారే చోట తప్పు దూరుతుంది. మార్చాల్సింది ఆ చోట్ల ఉన్న పద్ధతిని.

## 1. ముందు ఒక మందు వెంట నడవండి

ఒక్క వార్డు ఎంచుకోండి. మొత్తం ఆస్పత్రిలో ఒకేసారి మొదలుపెట్టిన చోట మూడో వారానికి ఏదీ మిగలదు.

ఉదయం రౌండ్స్‌లో రాసిన ఒక ఇంజెక్షన్‌ను తీసుకుని, అది రోగి నరంలోకి వెళ్లేదాకా వెంట నడవండి. ఎవరి చేతుల్లోంచి వెళ్లిందో వరుసగా రాసుకోండి. మామూలుగా ఇలా ఉంటుంది: పెద్ద డాక్టరు నోటితో చెబుతారు, డ్యూటీ డాక్టరు కేస్ షీట్‌లో రాస్తారు, సిస్టర్ దాన్ని ట్రీట్‌మెంట్ చార్టులోకి ఎక్కిస్తుంది, ఇంకొకరు ఇండెంట్ (ఫార్మసీ నుంచి మందులు కోరే చీటీ) రాస్తారు, అటెండెంట్ (రోగి వెంట ఉండే మనిషి) ఆ చీటీ పట్టుకుని ఫార్మసీకి వెళ్తాడు, అక్కడ ఆ బ్రాండ్ లేదని వేరే బ్రాండ్ ఇస్తారు, కవరు మంచం పక్క బల్ల మీదకు వస్తుంది, మధ్యాహ్నం షిఫ్ట్‌లో ఇంకో సిస్టర్ దాన్ని సిరంజిలోకి తీస్తుంది.

ఇందులో ఎన్నిసార్లు ఒక చోటి రాతను ఇంకో చోటికి ఎక్కించారో లెక్కపెట్టండి. ఎక్కించిన ప్రతిసారీ ఒక సున్నా పెరగవచ్చు, ఒక పేరు మారవచ్చు. అందుకే అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఇది: డాక్టరు ఏ కాగితం మీద మందు రాస్తారో, సిస్టర్ ఇచ్చాక అదే కాగితం మీద టైము వేసి సంతకం పెట్టాలి. ఎడమవైపు ఆర్డర్, కుడివైపు తేదీల గళ్లు. ఈ మార్గదర్శిలో ఒక్కటే చేయగలను అంటే ఇదే చేయండి.

మొదలుపెట్టే ముందు ఉండాల్సినవి:

☐ నలుగురి బృందం: ఒక డాక్టరు, ఇన్‌ఛార్జ్ సిస్టర్, ఫార్మసిస్టు, తరచూ నైట్ డ్యూటీ చేసే ఒక స్టాఫ్ నర్స్. నాలుగో మనిషి లేకుండా కూర్చోవద్దు. రాత్రి ఏం జరుగుతుందో మిగతా ముగ్గురికీ తెలియదు.
☐ చేతి పట్టీలు, చెరగని మార్కర్, ఎర్ర స్టిక్కర్లు, సిరంజిలకు అంటించే తెల్ల లేబుళ్లు
☐ తాళం వేసే ఒక అర
☐ ఒకే కాగితంగా ఉండే మందుల చార్టు
☐ యాజమాన్యం సంతకంతో ఒక కాగితం: పొరపాటును తనంతట తాను చెప్పిన ఉద్యోగికి జీతంలో కోత ఉండదు, మెమో ఉండదు

చివరిది లేకపోతే మిగతావన్నీ దండగ. జీతం కోసే చోట పొరపాట్లు తగ్గవు, కనిపించకుండా పోతాయి.

## 2. రోగి ఎవరో తేల్చుకోండి

మన వార్డుల్లో ఒకేసారి ముగ్గురు లక్ష్ములు, ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండటం మామూలే. ఇంటిపేరు ఒక చోట మొదటి అక్షరంగా, ఇంకో చోట పూర్తిగా, మరో చోట అసలు లేకుండా ఉంటుంది. వయసు అడిగితే "అరవై ఉంటాయేమో" అంటారు. అందుకే పేరు, వయసు చాలవు. పూర్తి పేరు, ఐపీ నంబరు (చేరినప్పుడు ఆస్పత్రి ఇచ్చే నంబరు), ఈ రెండూ చేతి పట్టీ మీద, చార్టు మీద ఒకేలా ఉండాలి.

మంచం నంబరును గుర్తింపుగా వాడొద్దు. "పన్నెండో నంబరుకు మోనోసెఫ్ ఇంజెక్షన్ వేయండి" అన్న మాట వార్డులో వినపడకూడదు. ఫ్యాన్ కింద పడక ఖాళీ అయితే పన్నెండో నంబరు పేషంటు పదిహేనులోకి మారిపోతాడు, చార్టు మాత్రం పన్నెండు దగ్గరే వేలాడుతుంది.

అడిగే తీరూ ముఖ్యమే. "మీరు లక్ష్మమ్మ గారేనా?" అంటే జ్వరంతో మగతగా ఉన్న పెద్దావిడ దేనికైనా "ఆఁ" అంటుంది. "అమ్మా, మీ పేరు, ఇంటిపేరు చెప్పండి" అని అడిగి, చెప్పింది పట్టీతో పోల్చండి. రోగి మాట్లాడలేకపోతే అటెండెంట్‌ను అడగండి, పట్టీ చూడండి.

ఒకే పేరున్న రోగులు ఇద్దరుంటే రెండు చార్టుల మీదా ఎర్ర స్టిక్కర్ వేసి "ఇదే పేరుతో ఇంకొకరు ఉన్నారు" అని రాయండి. వీలైతే మంచాలు దూరంగా వేయండి.

పట్టీ సెలైన్ ఎక్కించే చేతికి కడితే కాన్యులా (నరంలో పెట్టే సన్నటి గొట్టం) మార్చేటప్పుడు కత్తిరిస్తారు, మళ్లీ కట్టరు. రెండో చేతికి కట్టండి. అలర్జీ ఉన్నవారికి ఎర్ర పట్టీ. ఏ మందుకు అలర్జీయో చార్టు పైభాగంలో రాయాలి. అలర్జీ లేకపోతే ఆ గడి ఖాళీగా వదలొద్దు, "అడిగాం, లేదు" అని రాయండి. ఖాళీ గడి చూస్తే అసలు అడిగారో లేదో ఎవరికీ తెలియదు.

## 3. ఆర్డర్ రాయడం

ఈ భాగం డాక్టర్లకు. మందుల జనరిక్ పేర్లు (కంపెనీ పెట్టిన బ్రాండ్ పేరు కాదు, మందు అసలు పేరు) స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన తెచ్చింది. ఆచరణ సంగతి ఫార్మసిస్టులను అడగండి.

ప్రతి ఆర్డర్‌లో ఉండాల్సినవి: మందు పేరు, మోతాదు, ఏ దారిలో (నోటి ద్వారానా, కండరంలోకా, నరంలోకా), రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, రాసిన టైము, సంతకం. "అవసరమైతే ఇవ్వండి" అని రాసే మందులకు ఎందుకు అవసరమైతే, 24 గంటల్లో గరిష్ఠంగా ఎన్నిసార్లు అనేది కూడా ఉండాలి.

అంకెల దగ్గర నాలుగు నియమాలు, వీటికి మినహాయింపు లేదు:

- యూనిట్లు అన్న మాటను పూర్తిగా రాయాలి. ఇంగ్లిష్ యూ అక్షరం ఒక్కటే రాస్తే సున్నాలా కనిపిస్తుంది. 5 కాస్తా 50 అవుతుంది.
- 1.0 అని రాయొద్దు, 1 అని రాయండి. చుక్క చెరిగితే అది 10.
- .5 అని రాయొద్దు, 0.5 అని రాయండి.
- మైక్రోగ్రామును గుర్తుతో రాయొద్దు. చేతిరాతలో అది మిల్లీగ్రాములా కనబడుతుంది. రెండింటికీ తేడా వెయ్యి రెట్లు.

పేర్లు దగ్గరగా ఉండే మందుల జాబితా ఒకటి నర్సింగ్ స్టేషన్‌లో అంటించండి: డోపమైన్, డోబుటమైన్; కార్బిమజోల్, కార్బమజెపిన్; సెఫొటాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సెఫ్టాజిడిమ్. ఇవి పక్కపక్క డబ్బాల్లో ఉండకూడదు. అక్షర క్రమంలో సర్దితే ఫార్మసీ చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఒకేలా పలికే మందులన్నీ ఒకే అరలోకి చేరతాయి.

పిల్లల చార్టు మీద బరువు కిలోల్లో, పైనే పెద్దగా ఉండాలి. బరువు లేని పిల్లల ఆర్డర్‌ను ఫార్మసీ వెనక్కి పంపాలి. మోతాదు మిల్లీగ్రాముల్లోనూ మిల్లీలీటర్లలోనూ రెండు విధాలా రాయాలి. కారణం చూడండి: మార్కెట్లో పారాసిటమాల్ డ్రాప్స్‌లో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటాయి. సిరప్ 5 మిల్లీలీటర్లకు 125 గానీ 250 గానీ ఉంటుంది. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములంటే 125 సిరప్‌లో 6 మిల్లీలీటర్లు. అదే 6 మిల్లీలీటర్లు డ్రాప్స్ సీసాలోంచి తీస్తే 600 మిల్లీగ్రాములు. "6 ఎంఎల్ పారాసిటమాల్" అని రాసిన చీటీకి రెండూ సరిపోతాయి.

## 4. నోటి మాట, ఫోన్, వాట్సాప్

ఫోన్ ఆర్డర్లు వద్దని బోర్డు పెట్టడం తేలిక. రాత్రి డాక్టరు ఇంట్లో ఉండే ఆస్పత్రిలో అది జరిగే పని కాదు. కాబట్టి ఒక పద్ధతి పెట్టుకోండి.

1. సిస్టర్ ఫోన్‌లో వింటూనే చార్టులో రాయాలి, చేతి మీదో ప్లాస్టర్ మీదో కాదు.
2. రాసినదాన్ని తిరిగి చదివి వినిపించాలి. రోగి పేరు, మందు, మోతాదు, దారి.
3. డాక్టరు "అవును" అన్నాకే ఫోన్ పెట్టాలి.
4. అంకెలు విడివిడిగా చెప్పాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. "వన్ ఫైవ్" అనండి, లేదా హాయిగా "పదిహేను" అనండి.
5. 24 గంటల్లోపు డాక్టరు వచ్చి సంతకం పెట్టాలి.

వాట్సాప్ ఆర్డర్‌కూ ఇవే వర్తిస్తాయి. చార్టు ఫొటో పంపేటప్పుడు రోగి పేరు, ఐపీ నంబరు ఆ ఫొటోలోనే కనబడాలి. మెసేజ్‌లో ఇద్దరు రోగుల సంగతి కలిపి రాయొద్దు; "ఓకే, గివ్" అన్న జవాబు ఎవరి గురించో తేలదు.

గుండె ఆగినప్పుడు, ఆపరేషన్ థియేటర్లో, నోటి ఆర్డర్ తప్పదు. అక్కడ కూడా మందు తీసిన మనిషి "అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము, ఇస్తున్నా" అని గట్టిగా అనాలి.

## 5. ఫార్మసీ నుంచి మంచం దాకా

మన దగ్గర చాలా ఆస్పత్రుల్లో మందులు తెచ్చేది అటెండెంటే. అది మారే దాకా ఈ మూడూ చేయండి.

ఫార్మసీ బ్రాండ్ మారిస్తే కవరు మీద "ఫలానాకు బదులు" అని, జనరిక్ పేరుతో సహా రాయాలి. లేకపోతే పాత స్ట్రిప్, కొత్త స్ట్రిప్ రెండూ రోగికి వెళ్తాయి. పాంటోప్రజోల్ రెండు బ్రాండ్లలో వెళ్తే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. పారాసిటమాల్ అలా వెళ్తే ఉంటుంది: నొప్పికి ఎసిక్లోఫెనాక్ కలిసిన మాత్ర, జ్వరానికి విడి మాత్ర, దాని పైన ఒక గ్రాము ఇన్ఫ్యూజన్. పెద్దవారికి అన్నీ కలిపి రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి. కాలేయ జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ.

కవరు వార్డుకు రాగానే సిస్టర్ చార్టుతో పోల్చి తీసుకోవాలి. మంచం పక్కన ఉంచకూడదు. డాక్టరు ఆపేసిన మందు అదే షిఫ్ట్‌లో ఫార్మసీకి వెనక్కి వెళ్లాలి. కవరులో మిగిలిన ఇంజెక్షన్ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చేస్తారు.

## 6. ప్రాణం మీదికి తెచ్చే మందులకు వేరే నియమాలు

యాంటీబయాటిక్ ఒక డోసు ఆలస్యమైతే చాలాసార్లు సరిదిద్దుకోవచ్చు. కింది మందులకు ఆ వెసులుబాటు లేదు. ఎక్కువ సమయం వీటి మీదే పెట్టండి.

### పొటాషియం క్లోరైడ్

10 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో (ఒక్కసారి వాడే చిన్న మందు సీసా) 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియం కొలిచే ప్రమాణం) ఉంటాయి. దాన్ని పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. చూడటానికి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్‌లా ఉంటుంది, యాంటీబయాటిక్ పొడి కలపడానికి తీసే ట్రేలోనే పడి ఉంటుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

☐ సాధారణ వార్డు ట్రాలీ నుంచి తీసేయండి. ఐసీయూలో, ఫార్మసీలో తాళం కింద మాత్రమే ఉండాలి.
☐ ఎర్ర స్టిక్కర్: "పలుచన చేయకుండా ఇవ్వరాదు"
☐ సాధారణ వార్డులో చేతి నరం ద్వారా ఇచ్చేటప్పుడు మామూలుగా పాటించే పరిమితి లీటరుకు 40, గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు. అంతకు మించితే ఐసీయూ, మానిటర్.
☐ మూత్రం వస్తోందా, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంత అని చూశాకే మొదలుపెట్టాలి.
☐ వేలాడుతున్న సెలైన్ బాటిల్‌లోకి పొటాషియం ఎక్కించొద్దు. అది అడుగున నిలిచి, ముందుగా ఒక్కసారిగా రోగిలోకి వెళ్తుంది. బాటిల్ దించి, కలిపి, నాలుగైదు సార్లు తలకిందులు చేసి, లేబుల్ అంటించి వేలాడదీయండి.

### ఇన్సులిన్

మన దేశంలో సీసాల్లో వచ్చే మామూలు ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్ కార్ట్రిడ్జ్‌లు, కొన్ని కొత్త రకాల సీసాలు 100 యూనిట్లు. సిరంజిలూ రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 సిరంజిలో తీస్తే రోగికి రెండున్నర రెట్లు వెళ్తుంది: 20 అనుకున్నది 50. తిరగేసి 40 ఇన్సులిన్‌ను 100 సిరంజిలో తీస్తే 20 బదులు 8 వెళ్తుంది. షుగర్ తగ్గలేదని మర్నాడు డోసు పెంచుతారు, ఆ రోజు సరైన సిరంజి చేతికొస్తుంది.

పరిష్కారం: వార్డులో 40 సీసాలు, ఎర్ర మూత సిరంజిలు మాత్రమే స్టాకుంచండి. 100 ఇన్సులిన్ వాడాల్సిన రోగికి పెన్ వాడండి. పెన్ కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో తీయడం పూర్తిగా నిషేధం. ఇన్సులిన్‌కు మామూలు 2 మిల్లీలీటర్ల సిరంజి కూడా అంతే.

రెండో ప్రమాదం తిండి దగ్గర. ఏడింటికి ఇన్సులిన్ వేస్తారు, అటెండెంట్ ఇడ్లీ తేవడానికి బయటికెళ్లి ఎనిమిదిన్నరకు వస్తాడు. లేదా స్కాన్ కోసం పరగడుపున ఉన్న రోగికి రోజూలాగే ఇన్సులిన్ వెళ్తుంది. నియమం తేలికే: టిఫిన్ మంచం దగ్గరికి వచ్చిందని కళ్లతో చూశాకే సిరంజి బయటికి రావాలి. పరగడుపున ఉన్నవారి మంచానికి బోర్డు పెట్టండి, చార్టులో ఇన్సులిన్ గడికి అడ్డంగా "డాక్టరును అడగాలి" అని రాయండి.

షుగర్ 70 కంటే తగ్గితే వాడే ట్రే ప్రతి వార్డులో ఉండాలి: గ్లూకోజ్ పొడి, 25 శాతం డెక్స్‌ట్రోస్ బాటిల్, గ్లూకోమీటర్, స్ట్రిప్పులు. స్పృహ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు.

### హెపారిన్

ఇది రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు. 5 మిల్లీలీటర్ల సీసా ఒకటి మిల్లీలీటరుకు 1000 యూనిట్లు, అలాంటిదే ఇంకొకటి 5000. సైజు ఒకటే. వార్డులో ఒకే బలం ఉంచండి, సమస్య అక్కడితో పోతుంది.

### మెగ్నీషియం సల్ఫేట్

ప్రసూతి వార్డుల్లో ఫిట్స్ రాకుండా వాడే 50 శాతం ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లు, అంటే 1 గ్రాము. ఆర్డర్ గ్రాముల్లో రాసి, పక్కన మిల్లీలీటర్లు రాయాలి. ప్రతి డోసుకు ముందు మూడు చూడాలి: మోకాలి ప్రతిచర్య ఉందా, శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదు కదా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గలేదు కదా. ఒక్కటి తప్పినా డోసు ఆపి డాక్టరును పిలవాలి. విరుగుడుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు అదే ట్రేలో ఉండాలి, అల్మరాలో కాదు.

### అడ్రినలిన్

మందు పడకపోయి (అలర్జీ వల్ల) ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం, బీపీ పడిపోవడం వస్తే పెద్దవారికి 1 మిల్లీలీటరు ఆంప్యూల్‌లో సగం, అంటే 0.5 మిల్లీగ్రాములు, తొడ బయటివైపు కండరంలోకి. మొత్తం ఆంప్యూల్‌ను నరంలోకి ఇచ్చేది గుండె ఆగినప్పుడే. ఈ రెండు వాక్యాలూ ఎమర్జెన్సీ ట్రాలీ మూత లోపల అంటించండి. టెస్ట్ డోసు (ముందుగా కొద్దిగా ఇచ్చి చూడటం) బాగానే ఉందన్న ధీమాతో అడ్రినలిన్ అందుబాటులో లేకుండా యాంటీబయాటిక్ ఎక్కించకూడదు. అలర్జీ చరిత్ర అడగడానికి టెస్ట్ డోసు ప్రత్యామ్నాయం కాదు.

## 7. మందు కలపడం, ఇవ్వడం

- ఒక్కో రోగికి ఒక్కో ట్రే. ఆరుగురి ఇంజెక్షన్లు ఒకేసారి సిరంజిల్లోకి తీసి, ఒకే ట్రేలో పెట్టుకుని బయల్దేరడం మానాలి. టైము మిగులుతుందన్నది నిజమే. తెల్లటి ద్రవం నిండిన ఆరు సిరంజిల్లో ఏది ఎవరిదో మూడో మంచం దగ్గర ఫోన్ మోగాక ఎవరూ చెప్పలేరన్నదీ నిజమే.
- తీసిన మనిషే ఇవ్వాలి. సిరంజి మంచం దగ్గరే వెంటనే ఇచ్చేయకపోతే లేబుల్ తప్పనిసరి: రోగి పేరు, మందు, మోతాదు, టైము, తీసినవారి సంతకం. లేబుల్ లేని సిరంజి ఎవరిదైనా సరే చెత్తబుట్టలోకే.
- మందులు కలిపే చోట నేల మీద ఎర్ర టేపుతో గీత గీయండి. గీత లోపల ఉన్నవారిని ఎవరూ పలకరించకూడదు, డాక్టర్లతో సహా.
- సెఫ్ట్రియాక్సోన్‌ను రింగర్ లాక్టేట్ వంటి కాల్షియం ఉన్న ద్రవంతో కలపొద్దు. ఫెనిటాయిన్‌ను డెక్స్‌ట్రోస్‌లో కలపొద్దు, నార్మల్ సెలైన్‌లోనే.
- సంతకం ఇచ్చాకే. ముందే వరుసగా సంతకాలు పెట్టుకోవడం వల్ల ఇవ్వని డోసు ఇచ్చినట్టుగా మిగిలిపోతుంది.

అటెండెంట్‌ను మీ వైపు తిప్పుకోండి. "ఈ మాత్ర రంగు వేరేగా ఉంది సిస్టర్", "ఇందాకే ఒకామె వేసి వెళ్లిందమ్మా" అని వాళ్లంటే మందు అక్కడే ఆగాలి. చార్టు చూసి, అవసరమైతే ఫార్మసీకి ఫోన్ చేసి, అప్పుడు ఇవ్వాలి. "మాకు తెలుసులేండి" అని ఒక్కసారి కసిరితే ఆ మనిషి ఇక నోరు తెరవడు. మీ దగ్గర పనిచేసే సిస్టర్ కేరళ నుంచో మణిపూర్ నుంచో వచ్చి తెలుగు అంతంతమాత్రంగా తెలిసినామె అయితే, మందు పేరు, ఎందుకు అనే రెండు వాక్యాలు తెలుగులో నేర్పించండి.

## 8. రెండో మనిషి తనిఖీ ఎలా ఉండాలి

చాలా చోట్ల రెండు సంతకాలుంటాయి, తనిఖీ ఉండదు. "అక్కా, ఇది 10 యూనిట్లే కదా?" అని అడిగితే అక్క "ఊఁ" అంటుంది. ఇద్దరూ ఒకే తప్పును చూసి తల ఊపారు.

సరైన పద్ధతి: రెండో మనిషికి మొదటి లెక్క చెప్పకూడదు. ఆమె ఆర్డర్ చూసి తానే లెక్కగట్టాలి, తర్వాత సిరంజి చూడాలి, ఆ తర్వాత ఇద్దరి అంకెలూ కలవాలి. కలవకపోతే డాక్టరును పిలవాలి. సీనియర్ మాట నెగ్గడం ఇక్కడ పనికిరాదు.

ప్రతి మందుకూ ఇది పెడితే రెండు రోజుల్లో మళ్లీ సంతకాల తంతు అవుతుంది. ఆరో భాగంలో చెప్పిన మందుల్లో మొదటి నాలుగు, పిల్లల ఇంజెక్షన్లు, కీమో, రక్తం. వీటికే చాలు. రాత్రి రెండో నర్సు లేకపోతే డ్యూటీ డాక్టరే రెండో మనిషి.

## 9. షిఫ్ట్ మారేటప్పుడు

నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని అప్పగించడం వద్దు. ఇద్దరూ మంచం మంచానికి నడవాలి, చార్టు చేతిలో ఉండాలి. ఒక్కో రోగికి నాలుగే విషయాలు:

☐ ఎవరు, ఎందుకు చేరారు
☐ ఈ షిఫ్ట్‌లో ఏం మారింది: కొత్త మందు, ఆపిన మందు
☐ ఇప్పుడు ఏం ఎక్కుతోంది, ఎంత వేగంతో, ఎప్పటికి అయిపోతుంది
☐ తర్వాతి షిఫ్ట్‌కు మిగిలిన పని: రావాల్సిన రిపోర్టు, ఇవ్వాల్సిన డోసు

ఆటో వచ్చేసిందని తొందరపడేది వెళ్లే మనిషే. కాబట్టి అప్పగింత అయ్యిందని సంతకం పెట్టేది వచ్చిన మనిషి అయి ఉండాలి.

## 10. చేరేటప్పుడు, ఇంటికి వెళ్లేటప్పుడు

చేరిన రోజే ఇంట్లో వాడుతున్న మందుల కవరు మొత్తం తెప్పించండి. బీపీ, షుగర్, థైరాయిడ్, ఫిట్స్, గుండె మందులు, ఆర్ఎంపీ ఇచ్చినవి, ఆయుర్వేదం, అన్నీ. ఒక్కోదాని ఎదురుగా కొనసాగించాలి, ఆపాలి, మార్చాలి అని డాక్టరు రాయాలి. తర్వాత ఆ కవరును అటెండెంట్‌తో ఇంటికి పంపేయండి. మంచం పక్కన ఉంటే అటెండెంట్ అలవాటుగా వేస్తూనే ఉంటాడు, వార్డు నుంచీ వెళ్తుంది.

మెథోట్రెక్సేట్ కనిపిస్తే ఆగండి. కీళ్లవాతానికి, సొరియాసిస్‌కు అది వారానికి ఒక్కసారే. రోజూ వేస్తే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోతుంది. చార్టులో వారం పేరు రాసి, మిగతా ఆరు రోజుల గళ్లూ కొట్టేయండి. డిశ్చార్జ్ కాగితం మీద కూడా "ప్రతి ఆదివారం మాత్రమే" అని తెలుగులో ఉండాలి.

డిశ్చార్జ్ రోజు "1-0-1" (పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి) అని రాసి చేతిలో పెట్టడం చాలదు. ప్రతి మందూ దేనికో, తినక ముందా తిన్నాకా, ఎన్నాళ్లో తెలుగులో రాసివ్వండి. ఇంట్లో ఉన్న పాత మందుల్లో వేటిని ఆపాలో వేరే గడిలో ఉండాలి. చివర్లో "అర్థమైందా?" అని అడగొద్దు, అందరూ అయ్యిందనే అంటారు. "రాత్రికి ఏవేవి వేసుకుంటారో నాకు చూపించండి" అనండి.

## 11. పొరపాటు జరిగిపోతే మొదటి గంట

1. మందు ఆపండి. కాన్యులా తీయొద్దు, విరుగుడుకు అదే దారి.
2. డ్యూటీ డాక్టరును పిలవండి. నాడి, బీపీ, శ్వాస, షుగర్ చూడండి.
3. ఆంప్యూల్, సిరంజి, సెలైన్ బాటిల్, చార్టు పక్కన పెట్టండి. ఏదీ పారేయొద్దు.
4. చార్టులో ఏం జరిగిందో, ఏ టైముకో రాయండి. వైట్‌నర్ వాడొద్దు, కాగితం చింపొద్దు. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, సంతకం, టైము.
5. కుటుంబానికి సీనియర్ డాక్టరే చెప్పాలి, నర్సును ముందుకు తోయకూడదు.

చెప్పే మాట సూటిగా ఉండాలి: "మీ నాన్నగారికి ఇవ్వాల్సిన డోసు కంటే ఎక్కువ ఇన్సులిన్ వెళ్లిందండి. పొరపాటు మాదే. గ్లూకోజ్ ఎక్కిస్తున్నాం, ప్రతి 15 నిమిషాలకూ షుగర్ చూస్తున్నాం. ఎలా జరిగిందో తెలిశాక అదీ మీకు చెబుతాం." చెబితే గొడవ అవుతుందని భయపడేవారు ఎక్కువ. ఇంకొకరి నోటి ద్వారా తెలిసినప్పుడు అయ్యే గొడవ దానికంటే పెద్దది.

రెండు రోజుల్లోపు నలుగురి బృందం కూర్చోవాలి. "ఎవరు చేశారు?" అన్న ప్రశ్నతో మొదలుపెడితే సమావేశం అక్కడే ముగుస్తుంది. ఆ సిరంజి ఆ ట్రేలోకి ఎలా వచ్చిందో అడగండి.

పొరపాటు కాకుండా మందు వల్లే దుష్ప్రభావం వచ్చిందనిపిస్తే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలపాలి. ఉచిత నంబరు 1800-180-3024. డాక్టర్లే కాదు, నర్సులు, ఫార్మసిస్టులు, రోగులు కూడా తెలపవచ్చు.

## 12. ఏ వరుసలో అమలు చేయాలి

మొదటి వారం: పొటాషియం ఆంప్యూళ్లు ట్రాలీల్లోంచి బయటికి. దీనికి శిక్షణ అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం పని.

రెండో వారం: ఇన్సులిన్ సిరంజిలు ఒకే రకం, హెపారిన్ ఒకే బలం, షుగర్ పడిపోతే వాడే ట్రే.

మూడు, నాలుగు వారాలు: చేతి పట్టీలు, పేరు అడిగే పద్ధతి, మంచం దగ్గర షిఫ్ట్ అప్పగింత.

రెండో నెల: ఒకే కాగితం చార్టు. డాక్టర్ల నుంచి ప్రతిఘటన ఇక్కడే వస్తుంది. వారిలో అందరూ గౌరవించే ఒకరు మొదట తన రోగులకు వాడితే మిగతావారు వస్తారు.

మూడో నెల: విడిగా తనిఖీ, తృటిలో తప్పినవాటిని రాసే పుస్తకం. ఆ పుస్తకంలో మూడే ప్రశ్నలు: ఏం జరగబోయింది, ఎవరు పట్టుకున్నారు, ఎలా పట్టుకున్నారు. పేరు రాయడం ఇష్టమైతేనే. మొదటి నెలల్లో నమోదులు పెరిగితే కంగారుపడొద్దు. ఇన్నాళ్లూ చెప్పనివి ఇప్పుడు చెబుతున్నారు. పుస్తకం ఖాళీగా ఉంటేనే వెళ్లి మాట్లాడండి.

ప్రతి శుక్రవారం ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఐదు చార్టులు చేతికొచ్చినట్టు తీసి చూడాలి: పట్టీ, చార్టు కలిశాయా, అలర్జీ గడి నిండిందా, ఫోన్ ఆర్డర్లకు సంతకాలున్నాయా, సంతకం టైములు నమ్మేలా ఉన్నాయా, ఆపిన మందు ఇంకా ట్రేలో ఉందా. ఐదింటిలో కనీసం రెండు నైట్ షిఫ్ట్ మందులు పడిన చార్టులై ఉండాలి. అన్ని డోసులూ సరిగ్గా 6.00, 2.00, 10.00 గంటలకే ఇచ్చినట్టు ఉంటే, ఇరవై మందికి ఒకే నిమిషంలో ఎవరు ఇచ్చారని నవ్వుతూనే అడగండి.